ఈగ కంట్లో గట్లు ఎవరు వేశారు? – కణాలను పట్టి ఉంచే ప్రోటీన్ల పాఠం



ఈసారి పాఠంలో కషాయం లేదు, ద్రావణం లేదు, ఎకరానికి ఎన్ని లీటర్లు అనే లెక్క లేదు. ఒక చిన్న ఈగ కన్ను ఉంది. "ఈగ కన్నుతో మాకేం పని మాస్టారూ" అని మీరు అడుగుతారని తెలుసు. కాస్త ఓపిక పట్టి చివరిదాకా చదవండి. నేను మీకు ఎప్పుడో చెప్పాల్సి ఉండి, ఇంతకాలం చెప్పని మాట ఒకటి చివర్లో ఉంది. వీడియోలో బోర్డు మీద కన్ను బొమ్మ గీసి చూపించాను. బొమ్మ తికమకగా అనిపిస్తే ముందు ఇది చదివి, తర్వాత మళ్లీ చూడండి.

నేను ఇరవై ఎనిమిదేళ్లు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పాను. రిటైరయ్యాక నూజివీడు వైపు మా నాలుగెకరాల మామిడితోటలో ప్రకృతి వ్యవసాయం చేసుకుంటున్నాను. మొన్న వేసవి సెలవుల్లో మా అక్క మనవడు తోటకొచ్చాడు. ఎనిమిదేళ్లవాడు. పండ్ల ద్రావణం కోసం బాగా మగ్గిన అరటిపండ్లు, బొప్పాయి ముక్కలు, బెల్లం కలిపి డ్రమ్ములో వేసి ఉంచాను. మూత చుట్టూ చిన్న ఈగలు ముసిరాయి. ఒకటి పాకంలో పడి చచ్చింది. దాన్ని పుల్లతో తీసి తెల్లకాగితం మీద పెట్టి, ఫోనుకు క్లిప్ లెన్స్ తగిలించి వాడికి చూపించాను.

ఎర్రటి కన్ను. దాని నిండా చిన్న చిన్న గదులు. వాడు చాలాసేపు చూసి, "తాతయ్యా, తేనెపట్టులా ఉంది. ఇంత వరసగా ఎవరు పేర్చారు?" అన్నాడు.

"ఎవరూ పేర్చలేదురా."

"మరి దానంతటదే ఎలా వచ్చింది?"

నా దగ్గర జవాబు లేదు. ఇరవై ఎనిమిదేళ్లు సంయుక్త నేత్రం బొమ్మ గీయించాను, భాగాలు రాయించాను. ఆ వరస ఎలా వస్తుందని ఏ పిల్లాడూ అడగలేదు, నేనూ అనుకోలేదు. ఆ తర్వాత కూర్చుని చదివి తెలుసుకున్నదే ఈ పాఠం.

ముందు ఏ ఈగో తెలుసుకుందాం

మన తోటల్లో "పండు ఈగ" అంటే మామిడికాయకు రంధ్రం పెట్టి లోపల గుడ్లు పెట్టే ఈగ. కాయ కోస్తే పురుగులు కనిపించేది దాని వల్లే. డ్రమ్ము మీద ముసిరేది అది కాదు. ఇది మూడు మిల్లీమీటర్లు కూడా ఉండని ఈగ, పేరు డ్రోసోఫిలా. పులిసిన పండు మీద పెరిగే ఈస్టే దీనికి ముఖ్యమైన తిండి. బాగున్న కాయను ఇది పాడుచెయ్యదు. దీని చుట్టాల్లో ఒకటి మాత్రం విదేశాల్లో చెర్రీ, స్ట్రాబెర్రీ లాంటి మెత్తని పండ్ల మీద పడి నష్టం చేస్తుంది. మన డ్రమ్ము మీది ఈగకు ఆ అలవాటు లేదు. కాబట్టి దాన్ని చూసి కంగారుపడకండి, మూతకు పల్చటి గుడ్డ కట్టుకుంటే చాలు.

శాస్త్రవేత్తలకు ఈ ఈగంటే చాలా ఇష్టం. గాజు సీసాలో కాస్త తిండి పెడితే పెరుగుతుంది. 25 డిగ్రీల వేడిలో గుడ్డు నుంచి ఈగ అవడానికి పది రోజులు. 1910లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో థామస్ హంట్ మోర్గాన్ ఎర్రకళ్ల ఈగల మధ్య ఒక తెల్లకళ్ల ఈగను చూశాడు. ఆ ఒక్క ఈగతో మొదలైన పని జన్యువులు క్రోమోజోముల మీద ఉంటాయని తేల్చింది. 1933లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అప్పట్నుంచీ ఈగ కన్నును చూస్తూనే ఉన్నారు. దానికో కారణం ఉంది. సీసాలో పెరిగే ఈగ కన్ను చెడినా బతికే ఉంటుంది, పిల్లల్ని కంటుంది.  అందుకని ఏ జన్యువు ఏం చేస్తుందో కనిపెట్టడానికి కన్ను అనువైన చోటు.

కంట్లో ఏముంది

ఈ ఈగకు ఒక్కో కంట్లో 750 నుంచి 800 దాకా గదులుంటాయి. తూనీగకైతే ముప్పై వేల దాకా ఉంటాయి. ప్రతి గదీ ఆరు పలకలది, పక్కదానికి అచ్చు గుద్దినట్టు ఉంటుంది.

ఒక గదిలోకి తొంగి చూద్దాం. మధ్యలో వెలుగును పట్టే కణాలు ఎనిమిది. వాటి పైన కటకాన్ని తయారుచేసే కణాలు నాలుగు. ఆ నాలుగింటినీ రెండు చేతులతో పట్టుకున్నట్టు చుట్టుకుని రెండు రంగు కణాలు. ఇంతవరకూ ఒక గది సొంత కుటుంబం. గదికీ గదికీ మధ్య ఇంకొన్ని రంగు కణాలుంటాయి. అవి ఏ ఒక్క గదివీ కావు, పక్క గదులతో ఉమ్మడివి. వీటిని మనం "మధ్య కణాలు" అని పిలుచుకుందాం.

పొలం భాషలో చెప్పాలంటే గది మడి, మధ్య కణాలు గట్టు. ఒక మడిలో నీళ్లు పక్క మడిలోకి పోకుండా గట్టు ఎలా ఆపుతుందో, ఒక గదిలో పడిన వెలుగు పక్క గదిలోకి పోకుండా ఈ రంగు కణాలు అలా ఆపుతాయి. గట్టు మరీ వెడల్పుగా వేస్తే నేల దండగ, మీకు తెలుసు. ఈగ కంట్లో గట్టు సరిగ్గా ఒక్క కణం వెడల్పే ఉంటుంది, ఎక్కడ చూసినా అంతే. మా వాడు అడిగింది ఈ గట్టు గురించే అన్నమాట.

కన్ను ఎప్పుడు తయారవుతుంది

ఈగ పురుగు దశలో ఉండగానే దాని తలవైపు లోపల ఒక చిన్న పల్చటి సంచి ఉంటుంది. ఒక్క వరస కణాల మందం. అదే రేపటి కన్ను. పురుగు చివరి దశలో ఆ సంచి మీద ఒక సన్నటి గాడి పుట్టి, వెనక నుంచి ముందుకు నడుస్తుంది. గాడి దాటిన చోటల్లా గదులకు పునాది పడుతుంది. గంటన్నర, రెండు గంటలకు ఒక కొత్త వరస. నాట్లు వేసేవాళ్లు వరస వేసి ఒక అడుగు జరిగి మళ్లీ వరస వేసినట్టే. కాకపోతే నాట్లు వేసేవాళ్లు వెనక్కి నడుస్తారు, గాడి ముందుకు నడుస్తుంది.

పునాది పడినంత మాత్రాన వరస వచ్చెయ్యదు. పురుగు గూడు కట్టి ప్యూపా అయ్యేసరికి గదుల నడిబొడ్డు తయారై ఉంటుంది గానీ, గదుల మధ్య కణాలు రెండు మూడు వరసలుగా, చిందరవందరగా ఉంటాయి. గట్లు వేయని కొత్త మాగాణిలా ఉంటుంది. ప్యూపా దశ నాలుగు రోజులు. మొదటి రెండు రోజుల్లోనే ఆ చిందరవందర అంతా సర్దుకుని తేనెపట్టు లాంటి అల్లిక వస్తుంది. మేస్త్రీ లేడు, తాడు పట్టి గీత గీసినవాడు లేడు.

కణాలకు చేతులు

కణం అంటే నూనెపొర చుట్టిన నీటి సంచి అనుకోండి. ఆ పొరలోంచి బయటికి, లోపలికి పొడుచుకుని కొన్ని ప్రోటీన్లు ఉంటాయి. బయటి కొస పక్క కణం కొసను పట్టుకుంటుంది. లోపలి కొస కణంలోని సన్నటి తాళ్లకు కట్టి ఉంటుంది. అందుకే పట్టు బిగిస్తే కణం ఆకారం కూడా మారుతుంది. వీటినే కణాలను అతికించే ప్రోటీన్లు అంటారు. అతికించడం అంటే బంక పూసి వదిలెయ్యడం కాదు. బంక ఆరితే కదలదు. ఇవి చేతుల్లా పట్టుకుంటాయి, వదులుతాయి, మళ్లీ ఇంకోచోట పట్టుకుంటాయి.

ఈగ కన్ను కథలో రెండు రకాల చేతులు ముఖ్యం.

మొదటి రకం కాడ్‌హెరిన్లు. ఇవి తమలాంటివాటినే పట్టుకుంటాయి. ఇ-కాడ్‌హెరిన్ ఉన్న కణం ఇ-కాడ్‌హెరిన్ ఉన్న కణాన్ని, ఎన్-కాడ్‌హెరిన్ ఉన్నది ఎన్-కాడ్‌హెరిన్ ఉన్నదాన్ని. వీటికి ఆ పేరు పెట్టింది జపాన్‌కు చెందిన మసతోషి తాకెయిచి. కాల్షియం ఉంటేనే ఈ చేతులు నిటారుగా నిలబడి పట్టుకుంటాయి. కాల్షియం తీసేస్తే పట్టు సడలి కణాలు విడిపోతాయి. పేరులో "కా" వచ్చింది కాల్షియం నుంచే. ఇది చదివి ఎవరూ చెట్లకు సున్నం పట్టించకండి, ఈ సంగతి జంతు కణాలది. మొక్క కణాల్లో కాడ్‌హెరిన్లు ఉండవు.

రెండో రకం గుండీ-కాజా లాంటిది. గుండీ గుండీని పట్టుకోదు, కాజాను పట్టుకుంటుంది. ఒక కణం మీద రఫెస్ట్ అనే ప్రోటీన్, దాని పక్క కణం మీద హిబ్రిస్ అనే ప్రోటీన్ ఉంటే ఆ రెండూ గట్టిగా పట్టుకుంటాయి. రఫెస్ట్ అంటే "అన్నిటికన్నా గరుకు" అని. ఆ పేరు ఎందుకొచ్చిందో కాసేపట్లో చెబుతాను.

కుంకుడు నురగతో ఒక ప్రయోగం

ముందు కాడ్‌హెరిన్ పని చూద్దాం. ఇంట్లోనే పిల్లలతో చేయించొచ్చు. కుంకుడుకాయ రసం చిలికితే నురగొస్తుంది కదా. ఒక గాజు పలక మీద కాస్త నురగ పెట్టి, పైన ఇంకో గాజు పలకతో మెల్లగా అదిమి, వెలుగుకు పట్టి చూడండి. నాలుగు బుడగలు ఒకచోట కలిసిన దగ్గర జాగ్రత్తగా చూడండి. నాలుగు గోడలు ఒకే చుక్క దగ్గర కలిసి కూడిక గుర్తులా ఉంటాయని మనం అనుకుంటాం. అలా ఉండవు. రెండు బుడగలు మధ్యలో ఒకదాన్నొకటి తాకుతాయి, మిగతా రెండూ అటూ ఇటూ తప్పుకుంటాయి. ఎక్కడ చూసినా మూడు గోడలే కలుస్తాయి. బుడగ పొర తన వైశాల్యాన్ని వీలైనంత తగ్గించుకోవాలని చూడటం వల్ల అలా అవుతుంది.

ఈగ కంటిగదిలోని నాలుగు కటక కణాలు కూడా సరిగ్గా అలాగే అమరి ఉంటాయి. 2004లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం నుంచి హయాషి, కార్త్యూ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించి చూపించారు. ఒక రకం ఈగల్లో జన్యులోపం వల్ల గదికి నాలుగు కాకుండా ఒకటి నుంచి ఆరు దాకా కటక కణాలు వస్తాయి. రెండొస్తే రెండు బుడగల్లా, మూడొస్తే మూడు బుడగల్లా, ఆరొస్తే ఆరు బుడగల్లా అమరాయి. నాలుగు కణాలు ఇలా నిలబడాలని ఎవరూ ఆజ్ఞ రాసిపెట్టలేదు. ఎన్ని ఉంటే అన్ని, పట్టుకీ బిగుతుకీ తగ్గట్టు సర్దుకున్నాయి.

ఇంకో సంగతి. ఇ-కాడ్‌హెరిన్ అన్ని కణాల మీదా ఉంటుంది. ఎన్-కాడ్‌హెరిన్ ఈ నాలుగు కటక కణాల మీదే ఉంటుంది. అంటే వీళ్లు ఊరందరితో ఒక చెయ్యి, తమ కుటుంబంతో రెండు చేతులూ కలుపుతారు. దాంతో నాలుగూ ఒక జట్టుగా దగ్గరకు చేరతాయి. ఎన్-కాడ్‌హెరిన్ తీసేస్తే ఆ ఆకారం చెడుతుంది.

రెండు చలిమంటల మధ్య

ఇప్పుడు గట్టు సంగతి. ఇక్కడ పని గుండీ-కాజాది.

గదిని చుట్టుకున్న రెండు రంగు కణాల మీద హిబ్రిస్ ఉంటుంది. గదుల మధ్య చిందరవందరగా ఉన్న మధ్య కణాల మీద రఫెస్ట్ ఉంటుంది. మధ్య కణానికి ఇంకో మధ్య కణాన్ని తాకడం కన్నా, గది రంగు కణాన్ని తాకడమే ఎక్కువ ఇష్టం. ఇష్టం అని మాటవరసకు అన్నాను, అక్కడ పట్టు గట్టిగా ఉంటుందని అర్థం.

ఇది ఎలా వరస అవుతుందో ఒక ఉపమానం చెబుతాను. సంక్రాంతి ముందు రోజుల్లో, తెల్లవారుజామున వీధిలో దగ్గర దగ్గరగా రెండు మంటలు వేశారనుకోండి. మధ్య సందులో పాతికమంది ఉన్నారు. అందరికీ చలి. పక్కవాడి వీపు చూస్తూ నిలబడాలని ఎవరికీ ఉండదు, అందరికీ మంట కావాలి. వెనకున్నవాడు ఇద్దరి మధ్య దూరి ముందుకొస్తాడు. కాసేపటికి ఆ సందులో అందరూ ఒకే వరసలో ఉంటారు. ఒకవైపు ఒక మంట, ఇంకోవైపు రెండో మంట. "వరసలో నిలబడండి" అని ఎవరూ అరవలేదు. ప్రతివాడూ తన వెచ్చదనం తను చూసుకున్నాడు, వరస దానంతటదే వచ్చింది.

మధ్య కణాలూ అంతే. ప్రతిదీ రంగు కణాలతో తన తాకిడిని వీలైనంత పెంచుకోవాలని చూస్తుంది. ఆ తోపులాటలో రెండు మూడు వరసలు ఒక్క వరస అవుతాయి. 2005లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుంచి బావో, కేగన్ అనే శాస్త్రవేత్తలు హిబ్రిస్, రఫెస్ట్ ఇలా పనిచేస్తాయని వివరించారు.

మరి చోటు దొరకనివాళ్ల సంగతేంటి? మంట దగ్గర చోటు లేనివాడు ఇంటికి పోతాడు. ఇక్కడ కణం చచ్చిపోతుంది. చీడ పట్టి కాదు, దెబ్బ తగిలి కాదు. లోపలే ఉన్న ఏర్పాటు ప్రకారం తనను తాను ముక్కలు చేసుకుని తప్పుకుంటుంది. గదిలోని కణాల నుంచి "బతుకు" అనే సంకేతం ఒకటి వస్తుంటుంది. నాచ్ అనే ఇంకో ప్రోటీను మధ్య కణాలను చావు వైపు నెడుతుంది. ఈ రెండింటి మధ్య కొన్ని మిగులుతాయి, కొన్ని పోతాయి. మధ్య కణాల్లో సుమారు మూడో వంతు ఇలా పోతాయి. మిగిలినవి ఒక్కో గది చుట్టూ ఆరు పలకల గట్టుగా స్థిరపడతాయి. మొక్కజొన్నలో గుంటకు రెండు గింజలు వేసి తర్వాత ఒక మొక్క పీకేస్తాం చూడండి, అలా ఒత్తు తీయడమే ఇది.

గరుకు కన్ను

ఇదంతా ఊహ కాదని ఎలా తెలిసింది? చేతులు లేని ఈగల్ని చూసి తెలుసుకున్నారు.

రఫెస్ట్ సరిగ్గా లేని ఈగల్లో మధ్య కణాలు ఒక వరసలోకి రావు. రెండు వరసలుగా అలాగే ఉండిపోతాయి. చావాల్సినవి కూడా చావవు. గట్లు ఒకచోట లావు, ఒకచోట సన్నం అవుతాయి. గదులు ఆరు పలకలు తప్పి అడ్డదిడ్డంగా తయారవుతాయి. పైనుంచి చూస్తే కన్ను నున్నగా మెరవదు, ఇసుక చల్లినట్టు గరుగ్గా ఉంటుంది. ఆ పేరు అలా వచ్చింది. పట్టుకునే చెయ్యి చెడితే వరస ఒక్కటే కాదు, ఒత్తు తీయడం కూడా ఆగిపోయింది. ఇది గమనించాల్సిన విషయం. ఎవరు బతకాలి, ఎవరు పోవాలి అన్నది కూడా ఎవరు ఎవర్ని పట్టుకుని ఉన్నారన్న దానితో ముడిపడి ఉంది.

ఇంకో విచిత్రం. ఇదే రఫెస్ట్ ప్రోటీను కంటి నుంచి మెదడుకు పోయే నరాలు సరైన దారి పట్టడానికి కూడా కావాలి. అది చెడితే ఆ తీగలు దారి తప్పుతాయి. ముందు దీన్ని రెండు వేరు వేరు జన్యువులనుకుని రెండు పేర్లు పెట్టారు. తర్వాత చూస్తే ఒకటే. ప్రకృతి ఒక కొడవలితో గడ్డీ కోస్తుంది, వరీ కోస్తుంది.

మా అక్క మనవడి సంగతి

ఇప్పుడు మొదట చెప్పిన ఆ మాటకు వస్తాను.

ఈగను చూసిన ఆ పిల్లాడికి ఆరేళ్లప్పుడు ఒకరోజు పొద్దున్నే కళ్ల చుట్టూ వాచాయి. తర్వాత మొహం, కాళ్లు వాచాయి. మూత్రం నురగ కడుతోంది. డాక్టరు గారు పరీక్ష చేయించి నెఫ్రోటిక్ సిండ్రోమ్ అన్నారు. మూత్రంలో ప్రోటీను విపరీతంగా పోతోంది. స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చి, ఇన్ని వారాలు ఇంత, తర్వాత మెల్లగా తగ్గించాలి, చెప్పకుండా ఆపొద్దు అన్నారు. రెండు వారాల్లో వాపు తీసింది.

వాడి నాన్న, నా మేనల్లుడు, నా వీడియోలన్నీ చూస్తాడు. "రసాయనం నేలకు వద్దు, ఒంటికి వద్దు" అని నేను ప్రతి వీడియోలో అనేవాణ్ని. ఎవరో ఆకురసం చెప్పారు. మాత్రలు ఆపేసి అది పట్టడం మొదలుపెట్టాడు. నాకు చెప్పలేదు. నేను మెచ్చుకుంటాననే అనుకున్నాడట. కొద్ది రోజులకే పిల్లాడు మళ్లీ వాచి, ఈసారి నీరసపడి, ఆస్పత్రిలో చేరాడు. అప్పుడు ఫోన్ చేసి, "మావయ్యా, నువ్వు చెప్పినట్టే చేశాను కదా" అన్నాడు.

నేను అలా చెప్పలేదు అని అనగలను. కానీ వాడు విన్నది అదే, నా నోటి నుంచే విన్నాడు.

ఈగ కన్ను చదువుతుంటే ఈ సంగతి మళ్లీ ఎదురైంది. మన ఒక్కో మూత్రపిండంలో సుమారు పది లక్షల వడపోత గుత్తులుంటాయి. ఆ గుత్తుల్లో రక్తనాళాల చుట్టూ ఒక రకం కణాలు చేతివేళ్లు పెనవేసినట్టు పాదాలు చాపి ఉంటాయి. పాదానికీ పాదానికీ మధ్య సన్నటి సందు. ఆ సందుకు అడ్డంగా ప్రోటీన్లు జల్లెడలా అల్లుకుని ఉంటాయి. నీళ్లు పోతాయి, రక్తంలోని ప్రోటీను ఆగిపోతుంది. ఆ జల్లెడలో ముఖ్యమైనది నెఫ్రిన్. ఫిన్లాండ్‌లో పుట్టుకతోనే ఈ జబ్బు వచ్చే పసిపిల్లల మీద పరిశోధన చేస్తూ కార్ల్ ట్రిగ్వసాన్ బృందం 1998లో దాని జన్యువును కనిపెట్టింది. నెఫ్రిన్‌కు జోడుగా నెఫ్-1 అనే ఇంకో ప్రోటీను ఉంటుంది.

ఈ నెఫ్రిన్ ఎవరో కాదు, ఈగ కంట్లోని హిబ్రిస్‌కు చుట్టం. నెఫ్-1 రఫెస్ట్‌కు చుట్టం. అదే గుండీ, అదే కాజా. ఈగ కంట్లో గట్లు సర్దే జంట కుటుంబమే మన మూత్రపిండంలో జల్లెడ నేస్తోంది. ఈగ ఒంట్లో రక్తాన్ని శుభ్రం చేసే కణాలున్నాయి. వాటి మీదా ఇదే కుటుంబం ప్రోటీన్లు అలాంటి జల్లెడే కట్టాయని 2009లో తేలింది.

ఒక జాగ్రత్త చెప్పాలి. మా పిల్లాడికి వచ్చింది ఫిన్లాండ్ పిల్లలకు వచ్చే జన్యువు జబ్బు కాదు. పిల్లల్లో ఎక్కువమందికి వచ్చే రకం స్టెరాయిడ్‌కు లొంగుతుంది, వాడికీ లొంగింది. మందులు సరిగ్గా వాడినా ఇది మళ్లీ మళ్లీ రావచ్చు, అదీ డాక్టరు గారు ముందే చెప్పారు. కానీ మాత్రలు ఉన్నట్టుండి ఆపడం వేరే ప్రమాదం. స్టెరాయిడ్ వాడుతున్నప్పుడు ఒళ్లు తన సొంత హార్మోను తయారీ తగ్గించుకుంటుంది. హఠాత్తుగా ఆపితే రెండూ ఉండవు.

అందుకని స్పష్టంగా చెబుతున్నాను. నేలకు రసాయనం వద్దు అని నేను చెప్పే మాట నేల గురించి. నేలలో పని చేసేవాళ్లు వేరే ఉన్నారు, వానపాములు, సూక్ష్మజీవులు ఉన్నారు. మనం వాళ్లకు అడ్డు తప్పుకుంటే చాలు. జల్లెడ చిరిగిన పిల్లాడి ఒంట్లో అలా తప్పుకోవడానికి లేదు. డాక్టరు రాసిన మందును నా వీడియో చూసి ఆపొద్దు. ఆకురసాల్లో కొన్ని మూత్రపిండానికే హాని చేస్తాయి. ఏదైనా ఇవ్వాలనిపిస్తే ముందు డాక్టరు గారికి చెప్పండి, దాచొద్దు. "ఒంటికి వద్దు" అన్న పాత వీడియోల్లో ఆ ముక్క తీసేశాను.

తోటకు దీంతో ఏం పని

కొత్త మందు ఏదీ లేదని ముందే చెప్పాను. కానీ ఒక చూపు ఉంది. మామిడి పండు ఈగ పురుగు కాయలో పెరిగి, కాయ రాలాక నేలలో దూరి పై పొర మట్టిలోనే ప్యూపా అవుతుంది. మన కాళ్ల కింద, ఆ గింజంత గూట్లో దాని రెక్కలు, కాళ్లు, కళ్లు తయారవుతుంటాయి. పూర్తయి బయటికొచ్చిందంటే ఇక మన చేతికి చిక్కదు, పైకి ఎగిరి ఇంకో కాయ మీద వాలుతుంది. కాబట్టి రాలిన కాయలను రోజూ ఏరి, తోటలో వదలకుండా లోతుగా పూడ్చండి. పురుగు మట్టిలోకి దిగకముందే ఏరితేనే లాభం. చెట్టు కింద పై మట్టిని అప్పుడప్పుడు కదిపితే ప్యూపాలు ఎండకు, కోళ్లకు, చీమలకు దొరుకుతాయి. మగ ఈగల కోసం పెట్టే మిథైల్ యూజినాల్ బుట్టలు వాసన మీద పనిచేస్తాయి. పసుపు జిగురు అట్టలు చూపు మీద పనిచేస్తాయి. తెల్లదోమ ఆ రంగుకు వచ్చేది దానికి కళ్లున్నాయి కాబట్టే.

మొన్న పిల్లాడు ఫోన్ చేశాడు. ఇంట్లో కుంకుడు నురగ ప్రయోగం చేశాడట. "తాతయ్యా, నాలుగు బుడగలు నువ్వు చెప్పినట్టే ఉన్నాయి, ఐదు పెడితే ఏమవుతుంది?" అన్నాడు. పెట్టి చూడమన్నాను. పొద్దున మూత్రం పరీక్ష పట్టీ రంగు మారలేదని వాడి నాన్న పక్కనుంచి చెప్పాడు. రోజూ పొద్దున్నే చూసి, నోటుబుక్కులో రాస్తున్నాడు.

మీరూ పిల్లలతో ఆ ప్రయోగం చేసి చూడండి. లెన్సు దొరికితే డ్రమ్ము మీది ఈగ కన్నూ చూపించండి. వచ్చే పాఠంలో తేనెటీగ కన్ను, అది పువ్వు రంగును ఎలా చూస్తుందో చెప్పుకుందాం. ఉంటాను.